అంచు తెలిసినవాళ్లదే ఈ ఉద్యోగం

కిడ్నీ జబ్బు వ్యాపించిన ఉద్దానంలో, అంటే సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలో, క్రియాటినిన్ అన్న మాట బడి మొహం చూడనివాళ్ల నోట కూడా తడబాటు లేకుండా వస్తుంది. ఎవరికి ఎంత పెరిగింది, ఎవరు డయాలసిస్‌కి వెళ్తున్నారు, ఎవరి చేతికి ఫిస్టులా వేశారు అన్నవి అరుగు మీద మాటల్లో కలిసిపోయాయి. ఆ ఇళ్ల పిల్లలే కాశీబుగ్గలో ఇంటర్ చదువుతున్నారు, టెక్కలి ఐతమ్‌లోనో ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో ఇంజినీరింగ్ చేస్తున్నారు. వాళ్లు తెలుసుకోవలసిన వృత్తి ఒకటుంది. స్కానింగులో వచ్చిన బొమ్మల నుంచి అవయవం నమూనాని కంప్యూటర్‌లో కట్టి, అందులో రక్తం ఎలా పారుతుందో, ఎముక ఎంత బరువు ఓర్చుకుంటుందో లెక్కగట్టే పని అది. చాలామంది దీన్ని ఒక సాఫ్ట్‌వేర్ కోర్సుగా చూస్తారు. మూడు నెలలు టూల్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందనుకుంటారు. ఆ చూపే పొరపాటు. ఈ పనిలో విలువంతా ఒక్క ప్రశ్న దగ్గర ఉంది: అవయవం అంచు ఎక్కడ? దానికి జవాబు చెప్పగలిగి, ఆ జవాబుకి పూచీ పడగలిగిన మనిషికే ఇక్కడ గిరాకీ. అందుకే చదువు శరీరంతో మొదలై, భౌతికశాస్త్రం మీదుగా, ఆఖరికి సాఫ్ట్‌వేర్ దగ్గరికి రావాలి.

సీటీ స్కాన్‌లో మనం చూసేది ఫొటో కాదు, అంకెల పట్టిక. ఒక్కో పొరలో 512 అడ్డువరుసలు, 512 నిలువువరుసలు ఉంటాయి. ఒక్కో గడిలో ఉండే అంకె అక్కడి కణజాలం ఎక్స్‌రేని ఎంత అడ్డుకుందో చెబుతుంది. 1971లో లండన్‌లో తొలి రోగికి స్కాన్ తీసిన యంత్రాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ పేరే ఆ కొలతకి పెట్టారు. 1979 వైద్య నోబెల్‌ను ఆయన కోర్మాక్‌తో కలిసి అందుకున్నారు. ఆ కొలతలో నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, ఎముకకి వందల్లో మొదలై గట్టిచోట్ల వెయ్యి దాటుతుంది. అందుకే ఎముకని విడదీయడం తేలిక. ఫలానా అంకె దాటిన గడులన్నీ ఎముక అని చెబితే చాలావరకు పని అయిపోతుంది. కిడ్నీ అలా లొంగదు. కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీస్తే కిడ్నీ అంకె 30 దరిదాపుల్లో, వెనక ఆనుకుని ఉండే నడుము కండరం 50 దగ్గర, కుడివైపు పైన కూర్చున్న కాలేయం 55, 60 మధ్య ఉంటాయి. ప్రతి గడిలోనూ అంకె పదో ఇరవయ్యో అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది కాబట్టి ఆ కాస్త తేడా అందులో మునిగిపోతుంది. కిడ్నీని కండరం నుంచి విడదీసేది మధ్యలో ఉండే పల్చటి కొవ్వు పొర. సన్నగా ఉన్న రోగిలో ఆ పొర కూడా సరిగా ఉండదు. ఇది కిడ్నీ గడి, ఇది కాదు అని వేరుచేయడాన్నే సెగ్మెంటేషన్ అంటారు. ఆ తర్వాత వచ్చే పనులు, అంటే గడుల గుట్ట మీద త్రిభుజాల తొడుగు వేయడం, లోపలిని చిన్న చిన్న దిమ్మెలుగా విడగొట్టడం, పీడనమూ సాగుడూ ఇచ్చి సమీకరణాలు సాధించడం, ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే అయిపోతాయి. త్రీడీ స్లైసర్, ఫెబయో, సిమ్‌వాస్క్యులర్ ఎవరైనా దించుకోవచ్చు.

అంచు మీద ఇంత పట్టుదల ఎందుకో లెక్క చూపిస్తుంది. పది సెంటీమీటర్ల పొడవు, అయిదు వెడల్పు, నాలుగు మందం ఉన్న కిడ్నీని కోడిగుడ్డు ఆకారం అనుకుని లెక్కిస్తే ఘనపరిమాణం సుమారు 105 మిల్లీలీటర్లు. పొట్ట స్కాన్‌లో ఒక్కో గడి వెడల్పు సుమారు 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది. గీత చుట్టూరా ఒకే ఒక్క గడి బయటికి జరిగిందనుకోండి, అదే కిడ్నీ 113 మిల్లీలీటర్లు అవుతుంది. కంటికి ఆనని తప్పు, ఎనిమిది శాతం తేడా. ఉద్దానం జబ్బులో కిడ్నీలు ఏళ్ల తరబడి మెల్లగా కుదించుకుపోతాయి. నిరుడు ఒకరు గీసి, ఈ ఏడు మరొకరు గీస్తే, మధ్యలో కిడ్నీ నిజంగా తగ్గిందా, గీసిన చేయి మారిందా అన్నది తేల్చలేం.

రక్తనాళాల దగ్గర ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది. ఈ ప్రాంతపు విద్యార్థి గట్టిగా పట్టుకోదగిన విషయం ఇక్కడే ఉంది. మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్టులా పద్ధతిని న్యూయార్క్ వైద్యులు 1966లో ప్రచురించారు. ఇవాళ పలాసలోనైనా సోంపేటలోనైనా డయాలసిస్ సూది దిగేది ఎక్కువగా అలాంటి ఫిస్టులాలోకే. కుట్టిన తర్వాత కొన్ని వారాలకి ఆ సిర ఉబ్బి, గోడ దళసరి అయి, సూదినీ వేగంగా పారే రక్తాన్నీ తట్టుకునేలా తయారుకావాలి. కొందరిలో అది జరగదు. కుట్టు దాటిన మలుపులో రక్తం సుడి తిరిగి, గోడ మీద రాపిడి తగ్గినచోట లోపలి పొర పెరిగి దారి ఇరుకవుతుందన్నది పరిశోధకులు ప్రధానంగా చెప్పే కారణం. కాంట్రాస్ట్ లేని ఎంఆర్‌ఐతోనో అల్ట్రాసౌండ్‌తోనో చేతి నాళాల ఆకారం పట్టుకుని, ఏ కోణంలో కుడితే సుడి తగ్గుతుందో ముందే లెక్కవేయడం సిమ్యులేషన్‌తో అయ్యే పని. కానీ ఆ ధమని వ్యాసం రమారమి 2 మిల్లీమీటర్లు. అంతే రక్తం పారుతున్నప్పుడు గోడ రాపిడి వ్యాసార్ధం ఘనానికి విలోమంగా మారుతుంది. 2 ఉన్నదాన్ని 2.2 అని కొలిచామంటే రాపిడి లెక్క పాతిక శాతం పడిపోతుంది. ఆ పైన ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ నడిపినా, తప్పుని రంగుల్లో చూపించడమే అవుతుంది.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం: ఏఐ వచ్చాక ఇంకా చేత్తో గీసేదెవరు? నిజమే, 2023లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఆసుపత్రి పరిశోధకులు ప్రచురించిన టోటల్‌సెగ్మెంటేటర్ ఒక సీటీలో వందకి పైగా అవయవాలనూ ఎముకలనూ తనంతట తాను విడదీస్తుంది, అదీ ఉచితంగా. దాన్ని తక్కువ చేయడం తెలివి కాదు, వాడుకోవాలి. అయితే స్కాన్లలో కిడ్నీని విడదీసే ప్రోగ్రాంలకి 2019లో జరిగిన కిట్స్ పోటీ ఫలితం చూడండి. కిడ్నీ గడ్డలున్న 300 మంది స్కాన్లు, అందులో 210 నేర్పడానికి, 90 పరీక్షకి. గెలిచిన జర్మన్ జట్టు ప్రోగ్రాం కిడ్నీని విడదీసినప్పుడు నిపుణుల గీతతో పొంతన ఒకటికి 0.97. గడ్డ దగ్గర అదే ప్రోగ్రాం 0.85కి పడిపోయింది. ఆరోగ్యంగా, ఎప్పటిలా ఉన్నచోట యంత్రం బాగా చేస్తుంది, జబ్బు ఉన్నచోట తడబడుతుంది. వైద్యుడికి కావలసింది జబ్బు ఉన్నచోటు. పైగా ఆ 300 మందీ అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చికిత్స పొందినవాళ్లు, అవన్నీ కాంట్రాస్ట్ ఎక్కించి తీసిన స్కాన్లు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి కాంట్రాస్ట్ ఇవ్వడానికి వైద్యులు వెనకాడతారు. అంటే యంత్రం నేర్చుకున్న కాంట్రాస్ట్ వెలుగు ఇక్కడి రోగి స్కాన్‌లో ఉండదు. గుండె నాళాల్లో పూడిక ఎంత ప్రమాదకరమో సీటీ నుంచే లెక్కగట్టే హార్ట్‌ఫ్లో పద్ధతికి అమెరికా ఎఫ్‌డీఏ 2014లో అనుమతిచ్చింది. అక్కడ కూడా యంత్రం గీసిన అంచుని శిక్షణ పొందిన విశ్లేషకులు సరిచూస్తారు. ఏఐ తీసేసేది విసుగు పుట్టించే గీతపనిని. తీర్పు చెప్పే పని మనిషికే మిగిలింది, దాని బరువూ పెరిగింది.

పరాయి శరీరాల నుంచి నేర్చుకున్నది మనవాళ్లకి సరిపోకపోవచ్చన్న మాటకి మన దగ్గరే గట్టి రుజువుంది. మెదడు స్కాన్లని పోల్చడానికి ప్రపంచమంతా చాలాకాలం మాంట్రియల్‌లో తయారైన మూసనే వాడింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి, వంద మంది ఆరోగ్యవంతులైన భారతీయ యువతీయువకుల ఎంఆర్‌ఐల నుంచి 2019లో భారతీయ మెదడు మూసని తయారుచేసింది. మనవాళ్ల మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణం సగటున పాశ్చాత్య మూస కన్నా కాస్త తక్కువని తేలింది. తెలివితేటలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. సంబంధమల్లా వైద్యానికి: ముసలితనంలో మతిమరుపుతో వచ్చిన మనిషి మెదడు జబ్బుతో కుంచించుకుపోయిందా, లేక పుట్టుకతోనే ఆ కొలతా అన్నది పరాయి మూసతో పోలిస్తే తప్పుదారి పట్టొచ్చు. మన శరీరాల కొలతలు మనవాళ్లు తీయకపోతే ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది. ఉద్దానం కిడ్నీకి అలాంటి మూస కట్టడం ఎవరో ఒకరి జీవితకాలపు పని కాగలదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది, దాన్ని దాటవేయకూడదు. ఇంత చేసినా ఉద్దానం జబ్బుకి కారణం తెలుస్తుందా? తెలియదు. ఆ జబ్బు దెబ్బతీసేది కిడ్నీలోని అతి సన్నని నాళికలనూ వాటి మధ్య కణజాలాన్నీ. వాటి మందం మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది, ఏ ఆసుపత్రి సీటీకీ అందదు. నీరా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా అన్న ప్రశ్నకి జవాబు స్కానింగు గదిలో దొరకదు. మోడల్ కట్టి జబ్బు గుట్టు విప్పుతామని ఎవరైనా చెబితే నమ్మకండి, రేపు మీరూ అలా చెప్పకండి. కానీ జబ్బు వచ్చిన మనిషి ఇంకా ఏళ్ల తరబడి బతకవలసి ఉంటుంది. ఫిస్టులా నిలబడటం, కిడ్నీ మార్పిడికి దాత నాళాల అమరిక ముందే తెలియడం, రాయి తీసే సర్జన్ దారి చూసుకోవడం ఆ మనిషికి చిన్న సంగతులు కావు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం లాంటి చోట ఇలాంటి ప్రశ్నలు పట్టుకోగల ఇంజినీరు, వైద్యుడు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. వేలల్లో తీసుకునే రంగం కాదిది. హైదరాబాద్‌లో మెడ్‌ట్రానిక్ ఇంజినీరింగ్ కేంద్రం, బెంగళూరులో జీఈ హెల్త్‌కేర్, సీమెన్స్ హెల్తినీర్స్, ఫిలిప్స్, విశాఖలో మెడ్‌టెక్ జోన్‌లోని పరికరాల సంస్థలు చూడదగినవి. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ తప్పదు. సెగ్మెంటేషన్ విశ్లేషకులు, పరీక్షించే ఇంజినీర్లు కావడానికి అంత అక్కర్లేదు. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్య సాఫ్ట్‌వేర్ కూడా మందుల చట్టం కిందికి వచ్చింది. సిమ్యులేషన్‌ని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చే వి అండ్ వి 40 ప్రమాణం 2018లో వచ్చింది. అందుకే నమూనాని కట్టేవాళ్లతో పాటు, అది ఎక్కడ తప్పుతుందో కాగితం మీద నిరూపించేవాళ్లూ కావాలి. మెకానికల్ విద్యార్థి ఫ్లూయిడ్ మెకానిక్స్‌నీ ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతినీ మార్కుల కోసం కాకుండా చదివితే ఈ తలుపు సగం తెరుచుకున్నట్టే. కంప్యూటర్స్‌వాళ్లు శరీర నిర్మాణం పుస్తకం కొనాలి. బైపీసీ చదివి ఇమేజింగ్ టెక్నాలజీలో చేరినవాళ్లకి స్కానరు ముందు గడిపిన గంటలే ఆస్తి, వాళ్లు పైథాన్ నేర్చుకోవాలి. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపరుంది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగముంది. ఐఐటీ మద్రాస్, వేలూరు సీఎంసీ, శ్రీ చిత్ర కలిసి క్లినికల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ నడుపుతున్నాయి. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 రూపాయల ఉపకారవేతనం ఆసరా. ఇంట్లో అప్పుండి వెంటనే జీతం కావలసినవాళ్లు సిగ్గుపడకుండా ముందు ఏదో ఒక సిమ్యులేషన్ ఉద్యోగంలో చేరొచ్చు. ఫ్యాను రెక్క మీద గాలి లెక్కకీ నాళంలో రక్తం లెక్కకీ సమీకరణాలు ఒకటే.

ఇది తనకు పడే పనేనా అని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. కిట్స్ స్కాన్లు అందరికీ తెరిచే ఉన్నాయి, నిపుణులు గీసిన గీతలతో సహా. 8 జీబీ మెమరీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో త్రీడీ స్లైసర్ వేసుకుని, అయిదు మిల్లీమీటర్ల పొరలున్న కేసు ఒకటి తెరవండి. పది సెంటీమీటర్ల కిడ్నీకి ఇరవై పొరలు వస్తాయి. ఏఐ జోలికి పోకుండా ఇరవై పొరల్లోనూ కిడ్నీ అంచుని చేత్తో గీయండి. ఆ తర్వాతే నిపుణుల గీత తెరిచి మీదాని మీద పరచండి. మధ్య పొరల్లో బాగానే కలుస్తుంది. పై కొన దగ్గర, కింది కొన దగ్గర, నాళాలు లోపలికి దిగే నొక్కులో కొవ్వు దగ్గర తేడా కనిపిస్తుంది. ఆ మూడు చోట్లా ఎందుకు తప్పామో కారణం రాసుకుని, మర్నాడు ఇంకో కిడ్నీతో మళ్లీ గీయండి.