రక్తమును నిలుపు మూలిక – గుంటగలగర

గాయమనగానే హొళగుంద ప్రాంతవాసులమైన మనకు మొదట గుర్తుకు వచ్చునది పసుపు. దేవరగట్టులో విజయదశమి రాత్రి జరుగు బన్ని ఉత్సవమున కర్రల దెబ్బలు తగిలినవారు గాయములపై పసుపునే అద్దుకొందురు. అయితే చైనా దేశపు ప్రాచీన వైద్యము పసుపుకొమ్మును రక్తమును కదలించు మందులలో చేర్చినది. రక్తమును నిలుపుటకు ఆ వైద్యులు ఎన్నుకొన్న మూలికలలో ఒకటి మన కాలువగట్లపైననే పెరుగుచున్నది. అదియే గుంటగలగర.

సంస్కృతమున దీనిని భృంగరాజమనియు, యునానీ హకీములు భంగ్రా అనియు, పొరుగు కన్నడిగులు గరగద సొప్పు అనియు అందురు. శాస్త్రీయ నామము ఎక్లిప్టా ప్రోస్ట్రాటా. చైనీయుల పేరు ‘మో హాన్ లియన్’. సిరా వంటి మెట్టతామర అని దాని అర్థము. ఈ పేరులోనే మొక్కను గుర్తించు ఉపాయమున్నది. తుంగభద్ర దిగువ కాలువ చెమ్మలోను, వరిమళ్ల గట్లపైనను చిన్న తెల్లని పూలతో కనిపించు ఈ మొక్క ఆకును నలిపినచో రసము కొద్దిసేపటికి సిరా వలె నల్లబడును. పల్లెలలో గాయములకు వాడు గడ్డిచామంతి వేరు మొక్క. పొడవైన కాడ చివర ఒంటిపూవు పూయుట దాని గుర్తు.

చైనాలో ఈ మొక్కను పూత సమయమున కోసి ఎండబెట్టుదురు. ముక్కునుండి రక్తము కారుటకు, మూత్రమున రక్తము పడుటకు, దెబ్బల వలన కలుగు రక్తస్రావమునకు ఇది మందని ఆ దేశపు అధికార ఔషధకోశము పేర్కొనుచున్నది. మన దేశమున మాత్రము తలనూనెకు, కామెర్ల వైద్యమునకు దీనికి పేరు వచ్చినది. ఒకే మొక్కకు రెండు దేశములలో రెండు కీర్తులు.

ఇంతమాత్రముచేత ఆకు ఉన్నదని ఆసుపత్రిని మరువరాదు. కొడవలి తెగినను, తల పగిలినను మొదట చేయవలసినది శుభ్రమైన గుడ్డతో గాయమును గట్టిగా అదిమి, పది నిమిషముల వరకు తీయకుండుట. కాలువగట్టు మట్టి అంటిన ఆకును లోతైన గాయములో పెట్టినచో ధనుర్వాతము సోకవచ్చును. తలకు తగిలిన దెబ్బను వైద్యుడు చూచితీరవలెను.

కాబట్టి విద్యార్థులారా! ఈ మొక్కను గుర్తుపట్టుటను పెద్దలవద్ద నేర్చుకొందము, గాయమును అదిమిపట్టుటను పెద్దలకు నేర్పుదము. ఈ రెండు విద్యలును మన ఊరికి అవసరములే.