చలిదేశపు నాటుచెట్లు – సజీవపు కంచెలు

పొలముగట్టున ఏ మొక్క నాటవలెనని సంఘ సభ్యులు అడుగుచుందురు. ఈ నెల పాఠమున ఇంగ్లండుదేశపు రైతులును తోటవారును తమ నేలలో సహజముగ పుట్టిన చెట్లను, పొదలను, గడ్డిపూలను ఎట్లు పెంచుచున్నారో, వానిని విడనాడి ఎట్లు నష్టపడిరో తెలిపెదను. ఆ మొక్కలు మన యెండకు నిలువవు. ఎవరును వాని విత్తనములు తెప్పింపవలదు. వాని పెంపకములోని యుక్తి మాత్రము మనకు గ్రహింపదగినది.

ముందుగా ఆ దేశపు వాతావరణము తెలియవలెను. లండను పట్టణమున ఏడాదికి కురియు వాన ఇంచుమించు 24 అంగుళములు. ఇది మన అనంతపురము వానకంటె స్వల్పముగ మాత్రమే హెచ్చు. అయినను అచ్చటి నేల పచ్చగ నుండును. ఏలయన, ఆ వాన పండ్రెండు నెలలును కొంచెము కొంచెముగ పడును, ఎండ మందము, పడిన తడి త్వరగ ఆరదు. నవంబరు మొదలు మార్చి వరకు చెట్లు ఆకు రాల్చి నిద్రించును. ఈ నిద్రాకాలమే వారికి నాట్లకు అదను. వేళ్లకు మట్టి లేకుండ పెరికిన మొక్కలను కట్టలు కట్టి అమ్ముదురు. మన మట్లు చేసినచో జాములో వాడిపోవును.

అచ్చటి పొదలలో రైతునకు మిక్కిలి ఉపకారి హాథార్న్ అను ముండ్లపొద. మే నెలలో తెల్లని పూలు పూయును; శరత్కాలమున ఎఱ్ఱని చిన్నపండ్లు కాయును; చలికాలమున పక్షులకు అవియే గ్రాసము. 1750 మొదలు 1850 వరకు పార్లమెంటు చట్టములచే ఉమ్మడి బీళ్లను విభజించి పొలములుగ ఏర్పఱచినపుడు గట్లమీద విస్తారముగ నాటిన దీ మొక్కయే. గజమునకు నాలుగైదు మొక్కల చొప్పున, రెండు వరుసలుగ, ఒక వరుస మొక్క రెండవ వరుస సందునకు ఎదురుగ వచ్చునట్లు నాటుదురు. నాటిన పిమ్మట పైభాగమును కత్తిరింతురు. కత్తిరింపనిచో మొక్క ఎత్తు పెరిగి మొదట బోసిపోవును. మేక దూరుటకు ఆ సందు చాలును.

ఎంత కత్తిరించినను పదియేండ్లకో పదునైదేండ్లకో కంచె అడుగున పలుచబడును. అప్పుడు వారు చేయు పని చూడదగినది. చలికాలమున మచ్చుకత్తితో ప్రతి కాండమును మొదలుకడ ఏటవాలుగ, ముప్పాతికకు మించి నఱకి, బెరడును దానినంటిన పలుచని చెక్కను మాత్రము మిగిల్చి, కాండమును ప్రక్కకు వంచి పరుండబెట్టుదురు. నడుమ గూటములు పాతి, పైన హేజెల్ బెత్తములతో అల్లి బిగింతురు. ఆ పలుచని చెక్కగుండ నీరెక్కి వంచిన కాండము బ్రదుకును. నఱకిన మోడునుండి వసంతమున క్రొత్త కొమ్మలు గుంపుగ లేచును. అడుగు మరల దట్టమగును. తీగె కొననక్కఱలేదు, ఇనుము తుప్పు పట్టునను చింతయు లేదు. కూలి మాత్రము హెచ్చుగ పట్టునని ఒప్పుకొనవలెను.

హేజెల్ మొదలంట నఱకినకొలది పిలకలు వేయును, కాయలు తినదగినవి. హాలీ ఏడాది పొడవునను పచ్చగ నుండును. మన తాడిచెట్టులో పోతుతాడి, పెంటితాడి యున్నట్లే దానియందును మగచెట్టు వేరు, ఆడుచెట్టు వేరు. ఎఱ్ఱని పండ్లు ఆడుచెట్టుననే కాయును. కాని సమీపమున మగచెట్టు లేనిదే కాయవు. ఇక ఓక్ వృక్షమన్ననో, దాని నాశ్రయించిన ప్రాణులును, నాచులును, బూజులును కలిపి 2,300 జాతులని శాస్త్రజ్ఞులు 2019లో లెక్కించిరి. అందు 326 జాతులు ఓక్ లేనిదే బ్రదుకలేవట. నాటుచెట్టు తరతరములుగ ఆ నేలలోని పురుగునకు, పిట్టకు అలవాటైనది. క్రొత్తచెట్టు నీడ నిచ్చునుగాని ఇంతమందికి అన్నము పెట్టజాలదు.

హాథార్న్ గింజ మొలచుటకు ఒక్కొకప్పుడు పదునెనిమిది నెలలు పట్టును. పండ్లను నలిపి గుజ్జు కడిగి, గింజలను తడియిసుకలో కలిపి, రెండు చలికాలములు ఆరుబయట నుంతురు. చలి తగిలినగాని గింజ మేలుకొనదు. మన తుమ్మగింజ మేక కడుపున పడి వచ్చిన పిదప చక్కగ మొలచుట రైతు లెల్లరు నెఱుగుదురు. ఆ రహస్యమును ఇటువంటిదే. తొందరపడి కుండ బోర్లించినవాడు విత్తనము పుచ్చినదని నిందించును.

గడ్డిపూల సంగతి మన రైతులకు వింతగ తోచును. వానికి ఎరువు పనికిరాదు. ఎరువు వేసినచో గడ్డి బలిసి పూలమొక్కలను మ్రింగివేయును. జూలై, ఆగస్టులలో గడ్డి కోసి, కోసినదానిని అచ్చట కుళ్లనీయక తొలగించి, నేలను ఏటేట పేదఱచుదురు. యెల్లో రాటిల్ అను పసుపుపూల మొక్కను శరత్కాలమున చల్లుదురు. మన పొగాకుచేలలోని మల్లె వలె నిదియును ఇతరుల వేళ్లను పట్టి పీల్చును. మల్లె మనకు శత్రువు. ఇది వారికి మిత్రము, ఏలయన గడ్డిని కుంగదీసి తక్కిన పూలకు చోటిచ్చును. బ్లూబెల్ అను నీలిపూల దుంపమొక్క చెట్లక్రింద బ్రదుకును. ఓక్ ఆకు వేసి నీడ కమ్మకమునుపే, ఏప్రిల్ మే నెలలలో, పూచి పని ముగించుకొనును. దానిని అడవినుండి త్రవ్వి అమ్ముట అచ్చట 1998 నుండి నేరము.

ఇంతటి సంపదను వారు చేజేతుల పోగొట్టుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆహారధాన్యములు పెంచవలెనను ఆతురతతో, పెద్దయంత్రములు తిరుగుటకు అడ్డమని కంచెలను పెకలించిరి. అందుకు ప్రభుత్వమే ధనసహాయము చేసెను. 1930 ప్రాంతమునుండి 1984 వరకు ఇంగ్లండు, వేల్సులలో పూలతో నిండిన పచ్చికబీళ్లు నూటికి 97 వంతులు నశించెను. తరువాత కంచెలు నాటుటకు అదే ప్రభుత్వము ధనమీయవలసి వచ్చెను. 1997లో కట్టుబాట్లు చేసిరి. పల్లెపట్టున కంచె తీయదలచినవాడు ముందుగ స్థానికాధికారులకు తెలుపవలెను.

దూరపు మొక్కలవలన వచ్చిన కీడు అంతకంటె గొప్పది. 1960ల చివర ఉత్తర అమెరికానుండి దిగుమతియైన దుంగలతో ఎల్మ్ చెట్ల తెగులు వచ్చెను. బెరడుపురుగు బూజును మోసికొనిపోగా రెండున్నర కోట్లకు మించిన చెట్లు చచ్చెను. 2012లో, విదేశమునుండి తెచ్చిన యాష్ నారుమొక్కలయందు మఱియొక బూజుతెగులు బయటపడెను. ఆ యేడు అక్టోబరున దిగుమతి నిషేధించిరి. కాని అప్పటికే అది గాలివెంటను వచ్చి అడవులలో నాటుకొనియున్నది. విచార మేమనగా, యాష్ ఆ దేశపు సొంతచెట్టు; స్వదేశపు గింజనుండియే నారు పెంచుకొనవచ్చును. చౌక యని పరదేశమున కొనిరి. ఇప్పుడు వుడ్‌లాండ్ ట్రస్టు అను సంస్థ బ్రిటను, ఐర్లండులలో సేకరించిన గింజనుండి అచ్చటనే పెంచిన మొక్కలనే అమ్ముచున్నది.

మనకును ఇట్టి యనుభవము లేకపోలేదు. అందము కొఱకు తోటలకు తెచ్చిన లంటానా కొండల నాక్రమించెను. వంటచెఱకు కొఱకు 1870లలో కడప ప్రాంతమున నాటిన సర్కారు తుమ్మ చెఱువులలోనికిని బీళ్లలోనికిని పాకెను. అది పేదలకు కట్టెలును బొగ్గును ఇచ్చినమాట నిజమే. పెకలించు కూలి కూడ రైతునే తగిలినది.

కనుక సంఘము జట్టుగ మొక్కలు కొనునపుడు వెలతోపాటు గింజ ఎచ్చటిదని అడుగవలెను. వేళ్లను విప్పి చూడవలెను. తెగులు మచ్చలున్న కట్టను త్రిప్పి పంపవలెను. గట్టుకంచెకు వాక, గచ్చ, గోరింట మన కందుబాటులో నున్నవి. కొన్నిటి నారు ఊరిలోనే పెంచుకొనవచ్చును. వాక్కాయ గింజ ఎండినచో మొలకశక్తి త్వరగ తగ్గును. బాగుగ పండిన కాయలను ఏరి, గింజలు తీసి కడిగి, నీడను తడి యారిన వెంటనే నారుమడిలో వేయవలెను.