గోడమీది నియమాలు – మన హక్కులు



సంతబొమ్మాళి, టెక్కలి పల్లెల నుండి మీ ఆడపిల్ల అచ్యుతాపురం వంటి చోట బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి బయలుదేరుతున్నదా? ఈ మూడు సంగతులు చెప్పి పంపండి.

మొదటిది: ఫ్యాక్టరీ గోడమీది ‘ప్రవర్తనా నియమావళి’ సరుకు కొనే కంపెనీ ఇచ్చిన మాట మాత్రమే. అది చట్టం కాదు. అదనపు గంటలకు రెట్టింపు వేతనం, స్త్రీ పురుషులకు సమాన వేతనం చట్టమిచ్చిన హక్కులు.

రెండవది: ప్రతి నెలా జీతం చీటీ అడిగి తీసుకోవాలి. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. పట్టుకుంటే ఆ నంబర్లు ఇంట్లో కూడా రాసి ఉంచండి.

మూడవది: 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారో అడిగి తెలుసుకోవాలి.

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారినా పనిలోకి రప్పించారు. విదేశీ కంపెనీల నియమాలు, తనిఖీలు వారిని కాపాడలేదు. వారి నెల జీతం 38 యూరోలని తెలిసి, అది బానిస చాకిరి అన్నారు ఫ్రాన్సిస్ పాపుగారు, ఆ మే 1న.

ఒక్కతె అడగడానికి జంకుతుంది. నలుగురు కలిసి అడగడం, సంఘంగా ఏర్పడడం కూడా హక్కేనని ఇంటి దగ్గరే నేర్పండి.