ఇంజనులో మసి – నీళ్ల వైద్యం

కట్టెల పొయ్యి మీద అన్నం వండితే గిన్నె అడుగు నల్లబడుతుంది. కిరసనాయిలు దీపం పెడితే చిమ్నీకి మసి పడుతుంది. ఈ మసి ఎక్కడి నుంచి వస్తుంది? కట్టెలో, కిరసనాయిలులో బొగ్గు పదార్థం ఉంది. దాన్ని కార్బన్ అంటారు. గాలి బాగా తగిలితే అది పూర్తిగా కాలిపోతుంది. గాలి చాలకపోతే కొంత కాలకుండా మిగులుతుంది. ఆ మిగిలిందే మసి.

ఆటో ఇంజను కూడా ఒక పొయ్యి లాంటిదే. అందులో పెట్రోలు మండుతుంది. పెట్రోలులోనూ కార్బన్ ఉంది. పొయ్యికి పట్టిన మసి కంటికి కనిపిస్తుంది. ఇంజను మూసి ఉంటుంది. లోపల ఎంత మసి పట్టిందో కనిపించదు.

ఇంజను లోపల సిలిండరు ఉంటుంది. అది లోహపు గొట్టం. అందులో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది, సైకిలు పంపులో కడ్డీ ఆడినట్టు. పిస్టన్‌ను పట్టి ఉండే గట్టి కడ్డీ పేరు కనెక్టింగ్ రాడ్. పిస్టన్ తల మీద, వాల్వుల మీద, ప్లగ్గు మొన మీద మసి పొరలు పొరలుగా గట్టిపడుతుంది. అప్పుడు బండి లాగదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల టకటకమని చప్పుడు రావచ్చు. ఒక్కోసారి ఆ మసి నిప్పుకణికలా ఎర్రగా కాలుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ ఇవ్వకముందే పెట్రోలును అంటిస్తుంది.

ఈ మసిని నీళ్లతో వదిలించవచ్చునని మెకానిక్కులు చెబుతారు. ఇది వింతగా ఉంటుంది గదా! కానీ మన వంటింట్లోనే దీనికి సాక్ష్యం ఉంది. మూకుడు మాడిందనుకోండి. వేడి మీద ఉండగానే నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే సుయ్యిమని ఆవిరి లేస్తుంది. మాడు మెత్తబడి ఊడి వస్తుంది. ఇంజనులో కూడా అంతే. నీరు ఆవిరైతే ఎంతో చోటు కావాలి. ఒక గ్లాసు నీరు ఆవిరైతే సుమారు 1,600 గ్లాసుల చోటు పడుతుంది. ఆ ఆవిరి తాకిడికి మసి పెళుసుబారి పొగగొట్టం గుండా పోతుంది.

కార్లు బాగుచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. సిలిండరు మీది మూతను హెడ్ అంటారు. హెడ్ కింద గాస్కెట్ ఉంటుంది. అది పాడైతే ఇంజనును చల్లబరిచే నీళ్లు కొంచెం కొంచెం లోపలికి కారతాయి. అలాంటి ఇంజనును విప్పితే, నీళ్లు కారిన చోట పిస్టన్ తోమిన గిన్నెలా ఉంటుంది. పక్క సిలిండరులో పిస్టన్ నల్లగా ఉంటుంది.

ఒక ఊళ్లో ఒక అక్క పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కొడుక్కి పాత పెట్రోలు ఆటో కొనిచ్చింది. కొన్నాళ్లకు ఆటో నల్లపొగ పెట్టింది. చెంబెడు నీళ్లు పోస్తే మసి అంతా పోతుందని ఆ అబ్బాయికి ఎవరో చెప్పారు. అతడు గాలి వెళ్లే గొట్టం విప్పి, చెంబు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగరా! కిస్తీ ఇంకా సగం కూడా కట్టలేదు. ముందు మేస్త్రీని అడుగుదాం పద" అంది తల్లి.

మేస్త్రీ ఒక సిరంజి తీశాడు. సూది లేదు. అందులో గాలి నింపి, మూతిని వేలితో మూశాడు.

"అమ్మా, ఇప్పుడు నొక్కండి."

నొక్కితే సగం దాకా పోయింది.

తర్వాత సిరంజి నిండా నీళ్లు పట్టి, మళ్లీ వేలు పెట్టాడు. ఆమె ఎంత నొక్కినా కదల్లేదు.

"గాలి నలుగుతుందమ్మా, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి వచ్చేసరికి లోపల నీళ్లు నిండి ఉంటే అది ఆగిపోతుంది. కింద రాడ్ వంగుతుంది. అప్పుడు ఇంజను మొత్తం విప్పాల్సిందే" అన్నాడు.

"మరి నీళ్లతో చేస్తారంటారే?"

"చేస్తాం. చెంబుతో కాదు. ఇంజను వేడెక్కాలి. కొంచెం రేజు చేసి ఉంచాలి. పిచికారీతో మంచు తుంపరలాగా, ఆగి ఆగి కొట్టాలి. అది కూడా కార్బురేటర్ ఉన్న పెట్రోలు బండికే. డీజిల్ ఇంజనుకు మాత్రం అసలు వద్దు. అందులో పిస్టన్ పైన మిగిలే చోటు మరీ తక్కువ."

మేస్త్రీ ఎయిర్ ఫిల్టర్ విప్పాడు. అది దుమ్ముతో పూడుకుపోయి ఉంది. గాలి అందక పెట్రోలు సరిగ్గా కాలడం లేదు. ఫిల్టర్ మార్చాడు. ప్లగ్గు తుడిచాడు. కార్బురేటర్ సరిచేశాడు. నల్లపొగ తగ్గింది. నీళ్ల అవసరమే రాలేదు. నిజానికి చాలా బండ్లకు ముందు చేయాల్సిన పని ఇదే.

పొగ రంగు చూస్తే జబ్బు కొంత తెలుస్తుంది. నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైంది. నీలిపొగ అంటే ఇంజను ఆయిల్ కాలుతోంది. పెట్రోలులో కిరసనాయిలు కలిపినా మసి పెరుగుతుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను ఆడించకూడదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణం తీస్తుంది.

వరద నీళ్లతోనూ ఇదే ప్రమాదం. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి, ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన బండిని నీళ్లు తీశాక వెంటనే స్టార్టు చేయకూడదు. ముందు ప్లగ్గు విప్పించి లోపలి నీళ్లు తీయించాలి. ఆయిల్ కూడా చూడాలి. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. దాన్ని మార్చాలి.

చెప్పండి చూద్దాం

సిరంజిలో గాలి నలిగింది, నీళ్లు ఎందుకు నలగలేదు?

ఒక ఆటో 3 లీటర్ల పెట్రోలుతో 90 కిలోమీటర్లు నడిచేది. మసి పట్టాక 75 కిలోమీటర్లే నడుస్తోంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తగ్గింది?