కైరవిణి బోధించు జలధర్మము

చెన్నపురియందలి తిరువల్లిక్కేణి దివ్యదేశమునకు ఆ పేరు జలాశయమువలననే కలిగినది. తమిళమున ‘అల్లి’ యనగా కలువ; ‘కేణి’ యనగా కొలను; ‘తిరు’ శబ్దము శ్రీవాచకము. సంస్కృతమున ఆ పుష్కరిణికి కైరవిణి యని నామము. పేయాళ్వారు, తిరుమళిశై యాళ్వారు, తిరుమంగై యాళ్వారు మంగళాశాసనము చేసిన క్షేత్రమిది. మీసములతో వెలసిన వేంకటకృష్ణస్వామిని సేవింపబోవు భక్తులకు ఈ తీర్థము పరమపవిత్రము. అయితే ఆ తీర్థము ఎచటినుండి వచ్చుచున్నది? ఇదియే నేటి విచారణ.

పుష్కరిణి తనంతట తాను నిండదు. చుట్టుప్రక్కల కురిసిన వాన కొంత ప్రవాహమై, కొంత నేలలో ఇంకి ఊటయై దానిని చేరవలెను. తోటలును, పెరళ్లును ఉన్నచోట నేల ఆ నీటిని పీల్చుకొని మెల్లగా విడుచును. ఇంటి నానుకొని ఇల్లు లేచిన నగరమునందు మేడకప్పులు, తారురోడ్లు, సిమెంటు ముంగిళ్లు నీటిని ఇంకనీయవు. కురిసిన వాన కాలువలలో కలసి సముద్రము పాలగును. సముద్రతీరమున భూమిలోని మంచినీరు తరిగినకొలది ఉప్పునీరు లోనికి చొచ్చుకొనివచ్చును. ఒకసారి ఉప్పెక్కిన బావి మరల తియ్యనగుట కష్టము.

2015 డిసెంబరులో ఆ నగరము వరదలో మునిగినది. నాలుగేండ్లకే, 2019 వేసవిలో, పూండి, చోళవరము, పుళల్, చెంబరంబాక్కం జలాశయములు దాదాపుగా ఎండిపోయినవి. జోలార్‌పేటనుండి రైలుబండ్లలో నీరు తేవలసివచ్చెను. మన శ్రీశైలమునుండి తెలుగుగంగ కాలువద్వారా కృష్ణాజలములు 1996లోనే పూండిని చేరినను ఈ ఇక్కట్టు తప్పలేదు. మునిగినదియు, దప్పిగొన్నదియు ఒకే నగరము. దైవము వాన నీయకపోలేదు. మనము దానిని నిలుపుకొనలేదు.

ఒక చిన్న లెక్క చూతము. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. చెన్నపురిలో ఏటా సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురియును. కావున 100 చదరపు మీటర్ల కప్పుపై 1,40,000 లీటర్లు పడును. అందు ఐదవవంతు వ్యర్థమైనను 1,12,000 లీటర్లు మిగులును. దినమునకు 300 లీటర్లు వాడు కుటుంబమునకు ఇది సంవత్సరమునకు చాలును. ఒకే కప్పుక్రింద నాలుగు కుటుంబములున్నచో మూడునెలలకు సరిపోవును.

తమిళనాట 2003లో ప్రతి భవనమునకును వాననీటి సేకరణ తప్పనిసరి చేయబడినది. చట్టము గొట్టమును పెట్టించగలదు. దానిని శుభ్రముగా నుంచవలసినది గృహస్థుని శ్రద్ధయే. వర్షర్తువునకు ముందు కప్పును ఊడ్చవలెను. దుమ్ముతోకూడిన తొలివాననీటిని వెలుపలికి విడువవలెను. తరువాతి నీటిని కంకర, ఇసుక పొరలద్వారా తొట్టిలోనికో, ఇంకుడుగుంతలోనికో పంపవలెను. ఆ ఇసుకను ఏటేట కడుగవలెను. దోమలు చేరకుండ తొట్టికి మూత యుండవలెను. మురుగునీరు, సబ్బునీరు ఎన్నడును ఇందు కలియరాదు.

ఇది కొత్త ధర్మము కాదు. యజ్ఞాదులు ఇష్టమనియు, చెరువులు, బావులు త్రవ్వించుట పూర్తమనియు శాస్త్రము. తటాకనిర్మాణము సప్తసంతానములలో నొకటి. నీటిలో ఉమ్మివేయుటయు, మలమూత్రములు విడుచుటయు మనుస్మృతి చతుర్థాధ్యాయమున నిషేధింపబడినవి. మరి పుష్కరిణిలో ప్లాస్టికు సంచులు, పాతబట్టలు విడుచుట ఏ పుణ్యము క్రిందికి వచ్చును?

ధనుర్మాసమున ఇంటింట తిరుప్పావై అనుసంధింతుము. మూడవ పాశురమున నెలకు మూడు వానలు, నాల్గవదానియందు లోకము బ్రతుకునట్టి వర్షము గోదాదేవి ప్రార్థించినది. ఆమె నోట మనమును అడుగుచున్నాము. అడిగిన ప్రసాదము చేతికందగా దానిని మురుగుకాలువలో పారబోయువానిని ఏమందుము? మన కప్పుపై పడు వాన అట్టి ప్రసాదమే.

కావున పుష్కరిణీరక్షణము సోపానములయొద్ద గాక మన మేడకప్పుననే ఆరంభము కావలెను. ఏ నగరమున నున్నను, ప్రతి గృహస్థుడు ఈ వర్షర్తువునకు ముందే తన యింటి గొట్టము, గుంత సరిచూచుకొనుట భగవత్కైంకర్యమని తలంచుగాక. శ్రీపార్థసారథి మనకట్టి బుద్ధిని ప్రసాదించుగాక!