బూట్ కాని వర్చువల్ మెషీన్‌లోని ఫైళ్ళు తీయడం ఎలా?



మేం నలుగురం ఒకే కంప్యూటర్ మీద ఫైనలియర్ ప్రాజెక్టు చేశాం. లినక్స్ కంప్యూటర్‌లోనే ఇంకో లినక్స్ వర్చువల్ మెషీన్ పెట్టుకున్నాం. సబ్మిషన్‌కు రెండు రోజుల ముందు అది బూట్ కాలేదు. మాకు ఏడుపొక్కటే తక్కువ. మళ్ళీ ఇన్‌స్టాల్ చేద్దామనుకున్నాం. చేసుంటే అంతా పోయేది!

వర్చువల్ మెషీన్ డిస్కు అంటే అసలు కంప్యూటర్‌లో ఉండే ఒక పెద్ద ఫైలే. లోపలి సిస్టమ్ లేవకపోయినా దాన్ని బయటి నుంచి పెన్‌డ్రైవ్ లాగా తెరవవచ్చు. దీన్నే మౌంట్ చేయడం అంటారు.

ముందు మెషీన్‌ను పూర్తిగా ఆపాలి. డిస్కు ఫైలుకు కాపీ తీసి, ఆ కాపీ మీదే పని చేయాలి. మాది 'రా' రకం డిస్కు. ఎఫ్‌డిస్క్ కమాండ్‌తో చూస్తే పార్టిషన్ 2048వ సెక్టారు దగ్గర మొదలైంది. సెక్టారుకు 512 బైట్లు.

2048 × 512 = 1048576

డిస్కు మొదట్లో పార్టిషన్ల పట్టిక ఉంటుంది. కాబట్టి ఎన్ని బైట్లు దాటి వెళ్ళాలో మౌంట్ కమాండ్‌కు ఆఫ్‌సెట్‌గా చెప్పాలి. లూప్, రీడ్ ఓన్లీ ఆప్షన్లు కూడా ఇచ్చాం. ఫైళ్ళన్నీ కనిపించాయి! కాపీ చేసుకుని, అన్‌మౌంట్ చేశాం.

వీడీఐ, క్యూకౌ2 రకాలకు ఈ లెక్క పనికిరాదు. వాటికి గెస్ట్‌మౌంట్ కమాండ్ వాడాలి. నడుస్తున్న మెషీన్ డిస్కును మాత్రం బయట మౌంట్ చేయకండి. రెండు సిస్టమ్‌లు ఒకేసారి రాస్తే డేటా పాడవుతుంది.

సిస్టమ్ పోయినంత మాత్రాన ఫైళ్ళు పోయినట్టు కాదు. కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి!