మృగశిరకు ముందు తేనెపెట్టె: చివరి కోత, వానాకాలపు సన్నాహం

తేనెటీగల పెంపకంపై వచ్చిన పుస్తకాల్లో చాలా భాగం మంచు కురిసే దేశాల అనుభవం నుంచి పుట్టినవి కావడంతో, తేనె కాలం శరదృతువుతో ముగుస్తుందనీ, ఆపైన పెట్టెను చలికాలం కోసం సిద్ధం చేయాలనీ అవి చెబుతాయి. సికింద్రాబాదులోనూ, దానికి ఉత్తరాన అల్వాల్, బొల్లారం, మేడ్చల్, శామీర్‌పేట మీదుగా గజ్వేల్, సిద్దిపేటల వైపు సాగే పీఠభూమిలోనూ ఈ లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ డిసెంబరు రాత్రులు సాధారణంగా 15 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండి, ఎప్పుడైనా 10 డిగ్రీల కిందికి దిగినా, పగటి వేడి 28 డిగ్రీల దాకా చేరుతుంది కనుక ఈగలు ఎండ రాగానే మేతకు బయలుదేరుతాయి. ఈగలకు ఇక్కడ నిజమైన గడ్డుకాలం జూన్ మధ్యలో నైరుతి రుతుపవనాలతో మొదలై సెప్టెంబరు దాకా నడుస్తుంది. మకరందం, పుప్పొడి రెండూ చాలినంత దొరకని ఈ రోజులను మేతకరువు కాలం అంటారు. అందువల్ల విదేశీ గ్రంథాల్లో అక్టోబరుకు చెప్పిన జాగ్రత్తలను ఈ ప్రాంతపు పెంపకందారు మే నెలలోనే, అంటే కృత్తిక, రోహిణి కార్తెల్లోనే పూర్తి చేసుకోవాలి.

ఏప్రిల్ నాటికి చుట్టుపక్కల పొలాల్లో యాసంగి పొద్దుతిరుగుడు కోతకు వచ్చి ఈగలకు మేత తగ్గిపోయినా, కంటోన్మెంటు ప్రాంతపు పాత బంగళాల ఆవరణలు, రహదారుల పక్కనున్న చెట్లు నగరంలోని పెట్టెలకు మరికొన్ని వారాల మేతను అందిస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వేప, నేరేడు, ఆ వెంటనే కానుగ, రేల పూస్తాయి. ఎండలు ముదిరాక చింత పూత మొదలై తొలి వానల దాకా సాగుతుంది. పల్లె పెంపకందారుకు ఏప్రిల్‌లోనే ముగిసే తేనె కాలం పట్టణంలో మే చివరి దాకా సాగడానికి కారణం ఇదే. నగరంలో ఈగలకు మేత ఉండదన్న అభిప్రాయం బలంగా ఉన్నా, వేసవి వరకైనా అది సరైనది కాదు.

చివరి కోతకు గడువు మృగశిర కార్తె. జూన్ 8 ప్రాంతంలో ప్రవేశించే ఈ కార్తెకు ముందే తేనె తీయాలనడం వెనుక గాలిలోని తేమకు సంబంధించిన కారణం ఉంది. తేనెకు చుట్టూ ఉన్న గాలి నుంచి నీటిని పీల్చుకునే గుణం ఉంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి మోయగలిగిన నీటి ఆవిరిలో నిజంగా ఉన్న పాలు, 60 శాతం ఉన్నప్పుడు తేనెలో నీరు సుమారు 18 శాతం వద్ద నిలకడగా ఉంటుంది. మే నెల పొడిగాలి ఈ హద్దుకు చాలా కిందనే ఉంటుంది కాబట్టి ఈగలు రెక్కలతో విసిరి తేనెను సులువుగా ఆరబెట్టుకుంటాయి. జూలైలో గాలి ఆ హద్దును దాటిపోవడంతో అరల్లోని తేనె ఆరకపోగా, మూత తీసిన డబ్బాలోని తేనె కూడా నీరు పట్టి పలచబడుతుంది. నీరు 17 శాతానికి మించకపోతే తేనె దాదాపుగా పులియదు. 20 శాతం దాటితే తేనెలో సహజంగానే ఉండే ఈస్టు కణాలు పని మొదలుపెట్టి నురగ, పులుపు తెస్తాయి. దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కూడా తేనెలో తేమకు 20 శాతాన్నే గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది.

తేనె పండిందనడానికి ఈగలు అరలపై వేసే మైనపు మూతలే గుర్తు. తెట్టెలో నాలుగింట మూడు వంతుల అరలకు మూత పడిన చట్రాలనే కోతకు ఎంచుకోవాలి. మూత పడని చట్రాన్ని అడ్డంగా పట్టుకొని ఒక్కసారి కుదిపితే చుక్కలు రాలడం అది ఇంకా పచ్చి తేనె అనడానికి నిదర్శనం. తేమను కొలిచే రిఫ్రాక్టోమీటరు, అంటే ఒక చుక్క తేనెలో కాంతి వంగే తీరును బట్టి నీటి శాతాన్ని చూపే చిన్న పరికరం, నలుగురైదుగురు పెంపకందారులు కలిసి కొనుక్కున్నా ఆ ఖర్చు వృథా కాదు. అపార్ట్‌మెంట్ల సజ్జల కింద, నీళ్ల ట్యాంకులకు వేలాడే కొండతేనెటీగల పట్టులను కోసి, పిల్లపురుగులతో సహా పిండి అమ్మే తేనె తరచుగా ఎందుకు పులుస్తుందో కూడా పచ్చి తేనెలోని ఈ తేమను బట్టే అర్థమవుతుంది.

ఈ కోతలో పెంపకందారు అత్యాశకు పోతే ఆ నష్టం జూలైలో బయటపడుతుంది. చట్రాల పెట్టెలో కింది భాగం రాణి గుడ్లు పెట్టే పిల్లల గది, పై భాగం మిగులు నిల్వచేసే తేనె గది. మనిషి వాటా తేనె గదికే పరిమితం. పిల్లల గదిలో తెట్టెల పై అంచున వంపుగా ఉండే తేనె ఈగల వానాకాలపు తిండి కనుక దాన్ని ముట్టుకోకూడదు. ఇటలీ జాతి ఈగల పెట్టెలో కనీసం 5 కిలోల నిల్వ మిగల్చడం మంచిది. తేనె గదిని పూర్తిగా ఖాళీ చేసి చక్కెర పాకంతో సరిపెట్టవచ్చనే వాదన లెక్క ప్రకారం లాభసాటిగా కనిపించినా, పాకంలో పుప్పొడి మాంసకృత్తులు గానీ ఖనిజాలు గానీ ఉండవు కనుక అది ఆపద్ధర్మమే తప్ప తిండికి బదులు కాదు.

తిండి కొరతకు పెట్టెల్లో పెంచే రెండు జాతులు స్పందించే తీరు వేరు. ఇటలీ జాతి ఈగలు పెట్టెను వదలక నెమ్మదిగా క్షీణించి చచ్చిపోతాయి. మన పుట్టతేనెటీగలు మాత్రం గుడ్లు, పిల్లలు తగ్గించుకొని ఒకనాడు మొత్తం కుటుంబంగా లేచి వెళ్లిపోతాయి. కుటుంబం లేచిపోవడాన్ని ఈ జాతి స్వభావ దోషంగా భావించి పెంపకమే మానుకునేవారు చాలామంది. నిజానికి అందులో సగం తప్పు చివరి కోతదే. ఈ జాతి పెంపకాన్ని వ్యాధి కూడా దెబ్బతీసింది: 1991–92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధి దక్షిణ భారతంలో పుట్టతేనెటీగలను భారీగా తుడిచిపెట్టింది. 1960 దశకంలో హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో స్థిరపడిన ఇటలీ జాతి ఈగలు ఆ తర్వాతే దక్షిణాదికి విస్తృతంగా వచ్చాయి. ఇంటి ఆవరణలో రెండు మూడు పెట్టెలు పెట్టుకునే వారికి, దిగుబడి తక్కువైనా, వరోవా నల్లులను బాగా తట్టుకునే పుట్టతేనెటీగే నేటికీ అనువైనది.

తీసిన తేనెకు సికింద్రాబాదు వేసవిలో మరో శత్రువు వేడి. రేకుల కప్పు కింద డబ్బాలు పేర్చితే లోపలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో కొన్ని వారాల్లోనే తేనెలోని ఫ్రక్టోజు విరిగి హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం పెరుగుతుంది. తేనె పాతబడిందా, ఎక్కువగా కాచారా అని పరీక్షాశాలలు తేల్చుకునేది దీని ద్వారానే. దీనికి మన దేశంలో అనుమతించిన హద్దు కిలోకు 80 మిల్లీగ్రాములు. కాబట్టి తీసిన తేనెను సన్నని గుడ్డలో వడగట్టి, ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచి, పైకి తేలిన మైనపు తుంపులను, నురగను తీసివేశాక స్టీలు పాత్రల్లో గానీ ఆహారానికి తగిన ప్లాస్టిక్ డబ్బాల్లో గానీ అంచుదాకా నింపి, ఇంట్లో చల్లని గదిలో భద్రపరచాలి. తేనెలోని ఆమ్లం లోహాన్ని కరిగిస్తుంది కనుక జింకు పూత డబ్బాలు, రాగి పాత్రలు పనికిరావు. పొద్దుతిరుగుడు తేనెలో గ్లూకోజు ఎక్కువ కావడంతో అది త్వరగా గడ్డకడుతుంది. దాన్ని కల్తీగా భావించి తిప్పి పంపే కొనుగోలుదారుకు ఈ సంగతి వివరించి, గోరువెచ్చని నీళ్లలో సీసా నిలిపితే మళ్లీ ద్రవంగా మారుతుందని చెప్పాలి. నీళ్ల గ్లాసులో చుక్క వేయడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు కల్తీని పట్టలేవు. ఏడాది లోపు పసిపిల్లలకు తేనె నాకించకూడదన్న హెచ్చరికను సీసా చీటీపై రాయడం అమ్మేవారి బాధ్యత.

రోహిణి కార్తెలో పెట్టెల పని మొదలవుతుంది. బలహీనమైన కుటుంబం వానాకాలాన్ని దాటదు కనుక, పక్కపక్కన ఉన్న రెండు బలహీన కుటుంబాల్లో నాసిరకం రాణిని తీసివేసి, రెండు గదుల మధ్య సన్నని రంధ్రాలు పొడిచిన వార్తాపత్రికను పరచి ఒకటిగా కలపాలి. ఈగలు ఆ కాగితాన్ని కొరికి తొలగించే లోపు రెండు కుటుంబాల వాసన ఒకటైపోయి కొట్లాట జరగదు. తేనె గదిని తీసివేసి, ఈగలు కప్పగలిగినన్ని తెట్టెలే పిల్లల గదిలో ఉంచి, మిగిలిన ఖాళీని చెక్క పలకతో మూసివేయాలి. ఈగలు కాపలా కాయలేని తెట్టెల్లో మైనపు పురుగు చేరి సొరంగాలు తొలుస్తుంది; వానాకాలంలో పెట్టెలు పాడవడానికి చలి కన్నా, వాన కన్నా ఈ పురుగే పెద్ద కారణం. తీసిన తెట్టెలను గాలి చొరబడని పెట్టెలో గంధకం పొగ పట్టించి భద్రపరచాలి. నల్లబడి పాతబడిన వాటిని కరిగించి మైనం తీసుకోవడమే మేలు.

ద్వారాన్ని ఒకటి రెండు ఈగలు పట్టేంత ఇరుకు చేయడం వల్ల కందిరీగలను, దోపిడీ ఈగలను కాపలాదారులు నిలువరించగలుగుతాయి. పెట్టె ముందుభాగం కొద్దిగా వాలుగా ఉంటే నీరు లోపల నిలవదు. స్టాండు కాళ్ల కింద నీటి గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. పాకం అవసరమైతే సమాన భాగాల చక్కెర, నీళ్లతో కాచి చల్లార్చి, చీకటి పడ్డాక పెట్టె లోపలే పెట్టాలి. పగలు బయట పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. బెల్లం పాకం ఈగలకు విరేచనాలు కలిగిస్తుంది కనుక దాన్ని వాడకూడదు. ఇటలీ జాతి ఈగలపై వరోవా నల్లులు కనిపిస్తే ఆమ్ల చికిత్సలను తేనె కోత పూర్తయ్యాకే, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వంటి చోట శాస్త్రవేత్తల సలహాతో చేపట్టాలి. మే ఎండలో ఫార్మిక్ ఆమ్లం అతిగా ఆవిరై పిల్లలనూ రాణినీ దెబ్బతీస్తుంది. ఇదే రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థల్లో పెంపకంపై శిక్షణ దొరుకుతుంది.

పత్తి చేలపై ఆగస్టు నుంచి మందులు కొట్టే ప్రాంతాల్లో పొలం యజమానితో ముందే మాట్లాడుకొని, సూర్యాస్తమయం తర్వాతే పిచికారీ జరిగేలా చూసుకోవాలి. తప్పనిసరై ద్వారం మూయవలసి వస్తే గాలి ఆడే జాలీతో మూసి, పెట్టెను నీడలో ఉంచాలి. ఆ నెలల్లో మొక్కజొన్న పుప్పొడి, గట్లపై గడ్డిచామంతి కొంత ఆదుకుంటాయి. అక్టోబరులో స్వాతి కార్తె నాటికి వానలు తగ్గి కంది పూతకు వస్తుంది. కుటుంబం ఏడెనిమిది తెట్టెలను కప్పేలా పెరిగాక మాత్రమే తేనె గదిని తిరిగి ఎక్కించాలి. డిసెంబరు చలికి గోనె పట్టాలు చుట్టవలసిన పని ఇక్కడ లేదు. ద్వారాన్ని రాత్రి కొంచెం ఇరుకు చేసి, ఉదయపు ఎండ తగిలేలా పెట్టెను తూర్పు ముఖంగా ఉంచితే సరిపోతుంది.